గోడ అవతలి ఉసిరి

మూడో అంతస్తు,
జూన్ నెలాఖరు

అక్కకి,

చేరాం. సామానూ చేరింది. బీరువా కాలు ఒకటి విరిగితే దాని కింద పాత ప్రూఫుల కట్ట పెట్టాను. ఇల్లు బాగానే ఉంది. గాలి వస్తుంది, వెలుతురు వస్తుంది, నీళ్ళు మాత్రం వాటికి బుద్ధి పుట్టినప్పుడు వస్తాయి. మీ మరిదిగారు కొత్త ఆఫీసులో కుర్చీ మెత్తగా ఉందని మురిసిపోతున్నారు. బదిలీ వల్ల ఆయనకి కుర్చీ దొరికింది. నాకు కిటికీలోంచి ఎదురింటి నీళ్ళ ట్యాంకు దొరికింది.

నేల లేదక్కా. అదొక్కటే బాధ. మీ ఇల్లు మాకు రెండు వీధుల అవతల ఉన్నా, ఆ పెరడు నాదే అనుకుంటూ బతికాను. పొద్దున్నే వచ్చి చెప్పులు విప్పి మట్టిలో కాలు పెడితే తప్ప నాకు తెల్లవారినట్టు ఉండేది కాదు. ఇక్కడ ఏ గదిలో కాలు పెట్టినా కింద ఎవరిదో నెత్తి ఉంటుంది.

నాకూ ఇక్కడ ఒక ప్రెస్సులో పాత పనే దొరికింది. బడి పుస్తకాల ప్రూఫులు దిద్దాలి. పర్వాలేదు.

నేరేడు పండిందా? వాక్కాయ కంచెలో కుళాయి వైపు రెండు మొక్కలు వెనకబడ్డాయి. వాటి మొదట్లో ఎండుటాకులు పరుచు. బావ చేత మాత్రం నీళ్ళు పోయించకు, ఆయన పోస్తే మొక్క ఈత నేర్చుకోవాల్సిందే. కుళాయి పక్క మూల ఖాళీగానే ఉంచు. సారపప్పు కాసే ఆ మొర్రి మొక్క ఎక్కడ దొరికినా నేను తెస్తాను. ఇద్దరం కలిసే నాటాలి. మాట తప్పావంటే ఊరుకోను.

ఉత్తరాలు రాయి. ఫోన్లో నీకు 'ఊ', 'ఆ' తప్ప మాటలు రావు.

నీ చెల్లెలు

*

మిషను గది,
జూలై

బుల్లీ,

నేరేడు పండడం కాదు, పెరడంతా పరుపు పరిచినట్టు రాలింది. మీ బావ బనీన్లన్నీ ఊదారంగుకి తిరిగాయి. పిట్టల్ని తోలడానికి ఆయన పళ్ళెం వాయిస్తూ తిరుగుతుంటే, అవి దాన్ని భోజనాల పిలుపనుకుని ఇంకో నాలుగింటిని వెంటేసుకొస్తున్నాయి. నువ్వు లేక చెట్టెక్కి దులిపే వాళ్ళు లేరు. కిందపడ్డవే ఏరుకుంటున్నాం.

నువ్వు చెప్పినట్టే వాక్కాయలకి ఎండుటాకులు పరిచాను. ఉసిరికి పోయినేడు చలికాలం గుప్పెడే కదా కాసింది. ఈసారి రెమ్మల్లో పిందెలు ఆవగింజల్లా బోలెడు కనిపిస్తున్నాయట.

ఒక విశేషం. ఏళ్ళుగా తాళం వేసున్న పక్కిల్లు తెరిచారు. వచ్చింది ఒక్కర్తే. ఆ ఇల్లు వాళ్ళమ్మదట. కంటి ఆసుపత్రిలో నర్సుగా చేస్తుంది. వీధంతా నర్సమ్మ అంటోంది, నేనూ అదే పిలుస్తున్నాను. వచ్చిన మర్నాడే గోడ మీంచి తల పెట్టి, "అక్కా, మీ నేరేడు కొమ్మ మా వైపుకొచ్చింది. పళ్ళు ఎవరివి?" అంది. "ఎవరి చేతికి అందితే వాళ్ళవి" అన్నాను. అప్పట్నుంచి చెయ్యి చాచుతూనే ఉంది, పెట్టేదీ అదే చేత్తో. బడులు తెరిచారు కదా, యూనిఫారాలు గుట్టలు పడి ఉన్నాయి. డ్యూటీకి పోతూ వచ్చి నా సూదులన్నిట్లో దారాలు ఎక్కించి, దిండుకి గుచ్చి పోతుంది. పిందెలు చూసి చెప్పింది కూడా తనే. మంచి పిల్ల.

ఒళ్ళు జాగ్రత్త.

అక్క

*

మూడో అంతస్తు,
ఆగస్టు

అక్కకి,

నీ ఉత్తరం అందింది. బావ బనీన్లకి నా సానుభూతి చెప్పు.

నలభై ఏళ్ళు దాటిన మనిషిని పిల్ల అంటారని నాకు తెలీదు. వయసు రాయలేదు గానీ, ఆసుపత్రి నర్సుకి సొంతిల్లుందంటే ఆ మాత్రం ఉంటుందిగా? అయినా సూదిలో దారం ఎక్కించుకోవడానికి నీకు మనిషెందుకే? మిషను తొక్కుతూ పాట పాడుతూ చూడకుండా దారం ఎక్కించేదానివి. కొత్త చుట్టం వస్తే మనకి చేతకానివి కూడా పుట్టుకొస్తాయి కాబోలు.

అక్షరాలు కూడా తొందర తొందరగా రాస్తున్నావు. గీత పట్టుకుని రాసే దానివి, ఈసారి వాక్యాలన్నీ కిందికి జారిపోయాయి. గోడ దగ్గర ఎవరో పిలుస్తుంటే మధ్యలో లేచి వెళ్ళావని నాకు అర్థమైంది. ప్రూఫులు దిద్దేదాన్ని, ఏ పేజీలో మనసు లేదో తెలుస్తుంది.

నేను తప్ప నిన్ను అక్కా అని పిలిచినవాళ్ళు ఇంతవరకూ లేరు. ఊరికే గుర్తొచ్చి రాశాను.

బాల్కనీలో తొట్టి పెట్టి రేగు గింజ వేశాను. మొలిచింది. రెండాకులు. దానికి చెప్పుకుంటున్నాను నా కబుర్లు.

చెల్లెలు

*

మిషను గది,
డిసెంబరు

బుల్లీ,

కోపం తగ్గిందా? నీకు కోపమొస్తే రాసే అక్షరాలు ఇంకా ముత్యాల్లా ఉంటాయి, చిన్నప్పట్నుంచీ చూస్తున్నా.

ఉసిరి విరగకాసిందే! కొమ్మలు నేలకి దిగితే బావ వెదురు గడలు ఆనించారు. బుట్టలకి బుట్టలు. వీధిలో అందరికీ పంచాను. నీకో సంచీ పార్సెల్ చేయించాను, అందిందా? దెబ్బ తగలకుండా ఒక్కొక్కటీ పాత గుడ్డముక్కల్లో చుట్టింది నర్సమ్మ. గోడ అవతల వాళ్ళ పెద్ద ఉసిరి కూడా మనదానితో పోటీపడి కాసింది. రెండు చెట్ల కాయలు కలిపి పోసి ఏది ఎవరిదో పోల్చమంటే ఎవరి వల్లా కాలేదు. ఇద్దరం ఒకటే నవ్వు.

ఇంకో సంతోషం. మొర్రి మొక్క దొరికింది! మనం ఎన్ని తోటలు తిరిగాం, ఎంతమందిని అడిగాం! నర్సమ్మ దగ్గర కళ్ళు చూపించుకున్నాయన ఎవరో కొండ దిగువన మొక్కలు పెంచుతాడట. సెలవు రోజు పోయి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. కుళాయి పక్క మూలలో ఇద్దరం కలిసి నాటాం. నువ్వుంటే బాగుండేదని పదిసార్లు అనుకున్నాను. మొక్క వేరు ఆరిపోతుంది, ఆగేది కాదు కదా. నువ్వొచ్చేసరికి నీ మోకాలంత అవుతుంది.

అక్క

*

మూడో అంతస్తు,
జనవరి

అక్కకి,

కాయలు అందాయి. గుడ్డముక్కలు ఉతికి దాచాను.

మొర్రి నాటినందుకు సంతోషం. మూల ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు నాటుతారు. ఖాళీ ఉంచమన్నది నేను, ఖాళీ చేసి వెళ్ళిందీ నేనే. తప్పు నాదే.

ఇప్పుడొక మాట చెప్తాను, శ్రద్ధగా విను. నీ ఉసిరి ఈసారి కాసిందని మురిసిపోతున్నావు గానీ అది ఆఖరి బలం. గోడ అవతలి చెట్టు పెద్దది, దాని నీడ మనదాని మీద పడుతోంది. నేను అక్కడున్నప్పుడే గమనించాను. పైగా రెండు ఉసిరిచెట్లు పక్కపక్కన ఉంటే వేళ్ళు కలిసి పెద్దది చిన్నదాని సారం లాగేస్తుంది. ఇంకో రెండేళ్ళలో మనది ఎండిపోతుంది. పూత రాకముందే, ఈ నెలా వచ్చే నెలా లోపల, ఆ చెట్టు కొట్టించెయ్యమని ఆవిడకి చెప్పు. కొమ్మలు నరికితే చాలదు, మొదట్లోకి కొట్టించాలి.

అంత మంచి పిల్ల, అక్కా అని పిలిచే పిల్ల, ఆ మాత్రం చెయ్యదా?

చెల్లెలు

*

మిషను గది,
ఫిబ్రవరి

బుల్లీ,

నువ్వు చెప్పినట్టే అయింది. చెట్టు కొట్టించేసింది.

నీ ఉత్తరం వచ్చాక కొన్నాళ్ళు నోరు రాలేదు. అడగాలనుకోవడం, గోడ దాకా వెళ్ళడం, ఎండ గురించి మాట్లాడి రావడం. చివరికి మీ బావే, "ఏంటమ్మా, మా ఆవిడ నీకేదో చెప్పాలని తెగ నములుతోంది" అనేశారు. చెప్పాను. తను వాళ్ళ చెట్టు వైపు తలెత్తి చూసింది. తర్వాత, "మీ చెల్లెలు చెప్పారా?" అంది. అవునన్నాను. "పుస్తకాలు దిద్దే మనిషి, తెలీకుండా చెప్పరు. నీ చెట్టు ఎండిపోతుంటే నేను చూస్తూ ఊరుకుంటానా అక్కా" అంది.

కొట్టేవాళ్ళు వచ్చిన రోజు తను సెలవు పెట్టింది. గొడ్డలి పడుతున్నంతసేపూ మన వైపు వచ్చి, ఆ చెట్టు వైపు వీపు తిప్పి కూచుని, నేను కుట్టిన చొక్కాలకి గుండీలు కుట్టింది. మొత్తం అయ్యాక మాత్రం, "అది మా అమ్మ నాటింది. నేను కడుపులో ఉన్నప్పుడట" అంది. ముందే ఎందుకు చెప్పలేదే అని నేను ఏడిస్తే, "చెప్తే నువ్వు వద్దంటావుగా" అంది.

ఆ వైపు ఇప్పుడు ఆకాశం ఖాళీగా ఉంది. మన చెట్టు మీద ఎండ బాగా పడుతోంది. నువ్వు సంతోషిస్తావని రాస్తున్నాను.

అక్క

*

మూడో అంతస్తు,
మార్చి

అక్కకి,

అంత తొందరగా కొట్టిస్తారనుకోలేదు. వాళ్ళమ్మ నాటిందని నాకు తెలీదు. ఎవరైనా చెప్తే తెలిసేది.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. రేగు మొక్క బాగానే ఉంది. బావని అడిగానని చెప్పు. నర్సమ్మ గారిని కూడా.

చెల్లెలు

*

మిషను గది,
జూలై

బుల్లీ,

నాలుగు నెలలుగా నువ్వు రాయలేదు, నేనూ రాయలేదు. నువ్వెందుకు రాయలేదో నాకు తెలిసింది. నేనెందుకు రాయలేదో ఇప్పుడు చెప్తాను.

నాకు కుడికంటి వెనక పొర కొద్దికొద్దిగా లేచిపోతూ వచ్చింది. పోయినేడు నువ్వు వెళ్ళిన కొత్తల్లోనే మొదలైంది. గీతలు వంకరగా కనిపించేవి, సూది బెజ్జం రెండుగా కనిపించేది. నీకు రాస్తే ఉద్యోగాన్నీ, మొగుణ్ణీ వదిలేసి బస్సెక్కుతావని రాయలేదు. ఆ సంగతి మొదట కనిపెట్టింది నర్సమ్మే. నేను దారం సూది పక్కనుంచి పోనిస్తుంటే చూసి, చెయ్యి పట్టుకుని వాళ్ళ ఆసుపత్రికి లాక్కెళ్ళింది. అందుకే దారాలు ఎక్కించి పెట్టేది. అందుకే నా వాక్యాలు జారిపోయాయి. ఎవరో పిలిస్తే లేచి వెళ్ళి కాదు.

మొదట మందులతో చూద్దామన్నారు, ముదిరాక మేలో ఆపరేషన్ చేశారు. కంట్లో గాలిబుడగ లాంటిది పెట్టి, పొర అతుక్కునేదాకా బోర్లా పడుకోమన్నారు. అన్నం తిన్నా తల దించే, నీళ్ళు తాగినా తల దించే. తను ఇప్పటికీ పొద్దునా సాయంత్రం వచ్చి కంట్లో చుక్కలు వేస్తోంది. ఇప్పుడు నయం. మనుషులు కనిపిస్తున్నారు, అక్షరాలు కూడదీసుకుంటే కనిపిస్తున్నాయి.

బోర్లా పడుకున్న మనిషికి నేల తప్ప ఏం కనిపిస్తుంది? ఆలోచించడం తప్ప ఏం పనుంటుంది? ఉసిరి ఈసారి కొమ్మకొమ్మకీ పూసింది. అంతా రాలిపోయింది. పిందె లేదు. ఇంత ఎండ పడుతున్నా ఎందుకిలా అని నర్సమ్మ రోజూ చెట్టు కింద నిలబడి తెగ బాధపడేది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ మొక్క నాటిన రోజు నేను పెరటి మధ్యలో గొయ్యి తీయబోతే నువ్వే ఆపావు. "ఉసిరి ఒంటరిగా కాయదక్కా, దాని పుప్పొడి దానికి పనికిరాదు. పక్కన ఇంకో ఉసిరి ఉండాలి. అదిగో గోడ అవతల ఉందిగా, ఇక్కడ నాటుదాం" అన్నావు.

నీకు తెలుసు. తెలిసే రాశావు.

నర్సమ్మ, "నువ్వు కళ్ళని శ్రమ పెట్టకక్కా, ఉత్తరం నేను రాసిపెడతాను, చెప్పు" అంది. ఈ ఉత్తరం ఆవిడ చేత ఎలా రాయించను? ఆవిడకి నేనేం చెప్పలేదు, చెప్పను కూడా. నా చెల్లెలు అలాంటిది అని ఇంకొకరి ముందు నా నోటితో అనలేను.

అక్క

*

మూడో అంతస్తు,
జూలై, నీ ఉత్తరం అందిన రోజే

అక్కా,

అవును. తెలిసే రాశాను.

మొర్రి మూలలో ఆవిడ మోకాళ్ళ మీద కూచుని మట్టి తీస్తున్నట్టు, నువ్వు పక్కన నీళ్ళ చెంబు పట్టుకున్నట్టు ప్రతి ప్రూఫు కాగితం మీదా కనిపించేది. ఆ చెంబు ఇంతకు ముందు నువ్వు నా కోసం పట్టుకునేదానివి. అత్త మీద కోపం దుత్త మీద చూపించారంటారు, నేను చెట్టు మీద చూపించాను. నువ్వు కాయల్లేక బాధపడతావనే ఆలోచన కూడా రాలేదు. మీ ఇద్దరి మధ్యా ఏదో ఒకటి తెగితే చాలు అనిపించింది. ఆవిడ కాదంటుంది, నీకు కోపమొస్తుంది, మాటలు ఆగిపోతాయి అనుకున్నాను. ఒప్పుకుంటుందని అనుకోలేదే. నీ కోసం అమ్మ చెట్టుని కొట్టించుకునే మనిషి ఉంటుందని నేను అనుకోలేదు. నేనైతే కొట్టించేదాన్నా అని అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నాను నన్ను.

కళ్ళల్లో నిప్పులు పోసుకున్నది నేను, కట్టు కట్టించుకున్నది నువ్వు. నేను ప్రూఫులో కామా తప్పితే పట్టుకుంటాను. నీ వాక్యాలు జారిపోతుంటే నా మీద ప్రేమ జారిపోయిందనుకున్నాను గానీ నీ కన్ను అనుకోలేదు.

రేపు పొద్దున బస్సెక్కుతున్నాను. ఈ ఉత్తరం నాకంటే తర్వాత వస్తుందేమో. అయినా రాస్తున్నాను, ఎదురుగా నిలబడితే ఇందులో సగం కూడా చెప్పలేను. నర్సమ్మ గారికి మాత్రం నేనే చెప్తాను. నువ్వు దాచొద్దు.

బుల్లి

*

మిషను గది,
సెప్టెంబరు

బుల్లీ,

నువ్వు తిరిగి వెళ్ళి నెల దాటింది. నా కన్ను ఇంకాస్త తేటపడింది. నిన్న సూదిలో దారం నేనే ఎక్కించాను, నాలుగోసారికి.

నువ్వున్నప్పుడు అడగలేదు గానీ, ఇప్పుడు అడుగుతున్నాను. ఆ మొదటి రోజు గోడ దగ్గర నువ్వు, "నర్సమ్మ గారూ, మీ చెట్టు గురించి ఒక మాట చెప్పాలి" అనడం విన్నాను. తర్వాత గొంతు తగ్గించావు. ఆవిడ తలుపు ధడాలున వేసుకోవడం విన్నాను. సాయంత్రం చుక్కలు వేయడానికి రాదనుకున్నాను. వచ్చింది. నీ వైపు చూడలేదు. నాతో కూడా, "తల వెనక్కి పెట్టు" తప్ప మాట్లాడలేదు. అలా ఎన్ని రోజులు గడిచాయో! నువ్వు వంటింట్లో గిన్నెలు తోమినవే తోముతుంటే, ఆవిడ నా కంట్లో చుక్కలు లెక్కపెట్టుకుంటుంటే, మధ్యలో మీ బావ పిట్టల్ని తోలే పళ్ళెం పట్టుకుని ఎవరి వైపు వాయించాలో తెలీక తిరిగారు.

ఒకరోజు తనే నిన్ను పిలిచింది కదా, "రండి, నేర్చుకోండి. నాకు రాత్రి డ్యూటీలు పడితే ఎవరు వేస్తారు?" అని. నువ్వు వేసిన చుక్క గురి తప్పి నా చెంప మీద పడింది. "కామాలు పెట్టే చెయ్యేనా ఇది?" అంది. నువ్వు ఏడ్చావు. తను ఏడవలేదు. నీ మణికట్టు పట్టుకుని కుదురుగా నిలబెట్టింది. నేను ఒక కన్ను మూసుకుని రెండో కంటితో అంతా చూశాను. క్షమించాననలేదు ఆవిడ, నువ్వూ అడగలేదు. అడిగితే ఏమనేదో నాకు తెలీదు.

ఉసిరి ఈ ఏడు ఒక్క కాయ లేదు. గుబురుగా, ఏ చింతా లేనట్టు నిలబడి ఉంది. గోడ అవతల మోడు నుంచి మాత్రం వానలకి చిగుళ్ళు లేచాయి. జానెడు పొడుగు. నర్సమ్మ వాటిలో గట్టివి రెండు ఉంచి మిగతావి గిల్లేసింది. కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. మొన్న నీళ్ళు పోస్తూ, "మీ చెల్లెలు మళ్ళీ ఎప్పుడొస్తారు?" అంది. ఎందుకే అన్నాను. "గొడ్డలి దాచుకోవాలి కదా" అంది. నవ్విందో లేదో నాకు సరిగ్గా కనిపించలేదు, మీ బావ మాత్రం నవ్విందనే అంటున్నారు.

సరే, ఇదంతా అలా ఉంచు. నువ్వు వెళ్ళే ముందు రోజు మీరిద్దరూ ఆ మోడు దగ్గర కూచుని పొద్దంతా ఏం మాట్లాడుకున్నారే? నేను ఇక్కడ మిషను ఆపి చెవులు రిక్కించినా ఒక్క మాట అందలేదు. నిన్నడిగితే "ఏం లేదక్కా" అన్నావు. ఆవిణ్ణడిగితే "ఏం లేదక్కా" అంది. ఇద్దరిదీ ఒకటే మాట, ఒకటే గొంతు. మీరిద్దరూ కలవాలని నేనే కదా కోరుకున్నది, మరి నాకెందుకు ఒళ్ళు మండింది?

నిన్న పోస్టుమ్యాన్ వచ్చాడు. నీ ముత్యాల అక్షరాలు బాగున్న కంటితో దూరం నుంచే గుర్తుపట్టి, చేతిలో బట్ట పడేసి గుమ్మంలోకి పరిగెత్తాను. అతను మన గేటు దాటి పక్కింటికి వెళ్ళాడు. నర్సమ్మ కవరు అందుకుని లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. ఇప్పటిదాకా అందులో ఏముందో చెప్పలేదు.

నాకేదే ఉత్తరం?

అక్క